తెప్ప అంచు, బోర్డు అంచు: కొనే ముందు ఒకసారి ఒడ్డుకు పోదాం



ఈసారి పోస్టు పొడుగే, ముందే చెప్పేస్తున్నాం. పోయిన సమావేశంలో గోపాల్పూర్ ఒడ్డున మన పిల్లలకు సర్ఫింగ్ శిబిరం పెడదామని, సంఘం నిధిలోంచి ఆరు బోర్డులు కొందామని ప్రతిపాదన వచ్చింది. అందరూ చేతులెత్తారు. "బోర్డులు చూసి రండి" అని మా నలుగురికీ పని అప్పజెప్పారు. తీరా వెళ్ళొచ్చాక "ఒక నెల ఆగుదాం" అని అడ్డుపడింది కూడా మేమే. దాంతో గ్రూపులో మాటలు పడ్డాం. పిల్లలకేదో మంచి జరుగుతుంటే వీళ్ళకేమిటి బాధ అని ఒకరు, ఆ డబ్బు దాచి ఏం చేస్తారని ఒకరు. మాకే బాధా లేదు. శిబిరం పెట్టాల్సిందే. కానీ ఆ బోర్డులతో కాదు, ఆ పద్ధతిలో కాదు. ఎందుకో ఇప్పుడు తీరిగ్గా చెప్తాం.

గొడవంతా బోర్డు అంచు దగ్గర మొదలైంది.

అమ్మేవాళ్ళు ఫోనుకు పంపిన ఫొటోలు మీరందరూ చూశారు. తెల్లగా, సన్నగా, కత్తుల్లా మెరుస్తున్నాయి. మాకూ నచ్చాయి. చూపిద్దామని ఒడ్డుకు తీసుకెళ్ళాం. ఒడ్డువాళ్ళలో, ఒకప్పుడు కర్ర తెప్పలు చెక్కిన తాత ఒకాయన ఇంకా ఉన్నాడు. బోటు నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. మాలో కుర్రవాడు ఉత్సాహంగా "తాతా, దీని రైల్ చూడు, ఎంత పదునో" అన్నాడు. తాత అటూ ఇటూ చూసి "రైలా? రైలు బరంపురంలో కదా బాబూ, ఇక్కడికెప్పుడు ఏశారు?" అన్నాడు. నవ్వుకున్నాం. ఆ తర్వాత మాకూ అనిపించింది, రైల్ అనే మాట ఎందుకు, అంచు అంటే సరిపోతుంది కదా అని. బోర్డు పైభాగం, అడుగుభాగం కలిసే పక్క అంచే సర్ఫింగ్‌లో రైల్. ఇక్కడనుంచి అంచు అనే రాస్తాం.

తాత ఫొటోని పైనుంచి చూడలేదు. "పక్కనుంచి సూపించు" అన్నాడు. చూసి, రెండు వేళ్ళ మధ్య ఆ మందం ఎంతుంటుందో పట్టి చూపించాడు. "ఇది ఎవురికి?" అని అడిగాడు. పిల్లలకి అన్నాం. "ఏ పిల్లలకి? ఈత వచ్చినోళ్ళకా, కొత్తోళ్ళకా?" కొత్తవాళ్ళకే అన్నాం. "అయితే ఇది కాదు" అని మళ్ళీ వల అందుకున్నాడు.

సర్ఫింగ్ బోర్డు ఆయన జీవితంలో ముట్టుకోలేదు. ఆయన చెప్పింది మాత్రం ముమ్మాటికీ సరైనదే. ఇంటికొచ్చి నాలుగు రోజులు చదువుకుని, తెలిసినవాళ్ళని అడిగితే తేలింది. అది ఎందుకు సరైనదో కాస్త వివరంగా చెప్పకపోతే మీరు ఒప్పుకోరు.

స్టీలు గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ మెల్లగా ఒంపి చూడండి. మూతి గుండ్రంగా మడిచిన గ్లాసైతే టీ సూటిగా కింద పడదు. మూతి చుట్టూ తిరిగి, గ్లాసును అంటుకుని, పక్కనుంచి కారి చొక్కా పాడుచేస్తుంది. మూతి పలచగా, పదునుగా ఉన్న గ్లాసైతే ధార తెగి నేరుగా పడుతుంది. నీళ్ళకు గుండ్రటి వంపును అంటుకునిపోయే గుణం ఉంది. పదునైన అంచు వస్తే అంటుకోలేక విడిపోతాయి. బోర్డు అంచు వెనకున్న శాస్త్రంలో సగం ఈ గ్లాసులోనే ఉంది.

కెరటం మీద పోతున్నప్పుడు బోర్డు ఒక పక్క అంచు కెరటం గోడలో దిగబడి ఉంటుంది. ఆ అంచు గుండ్రంగా ఉంటే నీళ్ళు దాని చుట్టూ పైకి ఎక్కి బోర్డును కెరటానికి పట్టి ఉంచుతాయి. జారదు, కుదురుగా ఉంటుంది, కాస్త నెమ్మదిగా పోతుంది. అంచు అడుగున పదునుగా ఉంటే నీళ్ళు తెగిపోతాయి. నీళ్ళు అంటుకునే మేర తగ్గి వేగం పెరుగుతుంది, కానీ పొరపాటును మన్నించదు. అందుకే బోర్డులు చెక్కేవాళ్ళు సాధారణంగా ముందుభాగంలో అంచును మెత్తగా గుండ్రంగా ఉంచి, తోక దగ్గరికి వచ్చేసరికి అడుగున పదును తెస్తారు. ముందుభాగంలోనే పదునుంటే, కొంచెం తప్పు వంగినా అంచు నీళ్ళలో గుచ్చుకుని మనిషిని విసిరేస్తుంది.

మిగతా సగం మందం సంగతి. ఖాళీ బిందెను చెరువులో ముంచాలంటే ఎంత బలం కావాలి? పళ్ళెం అంచును దించాలంటే ఎంత కావాలి? మందమైన అంచు బిందెలాంటిది, మునగనంటుంది. పక్కకు ఒరిగినా పైకి నెడుతుంది. కొత్తవాడికి అదే రక్ష. పలచని అంచు పళ్ళెంలాంటిది, ఇట్టే దిగుతుంది. చెయ్యి తిరిగినవాడు నిటారు కెరటం మీద మలుపు తిప్పాలంటే అది కావాలి. కొత్తవాడికిస్తే నిలబడకముందే మునిగిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అయితే అందరికీ మందమైనవే కొనేద్దాం అంటే అదీ తప్పే. ముప్ఫై అయిదు కిలోల పిల్లను పెద్దవాళ్ళ తొమ్మిదడుగుల మందపు బోర్డు ఎక్కిస్తే ఆ పిల్ల బరువుకు అది ఒరగదు, తిరగదు. కట్టెమీద కూర్చున్నట్టు కెరటం ఎటు తోస్తే అటు పోతుంది. అంచు అనేది మనిషి బరువుకూ, కెరటం నిటారుకూ చూసి పెట్టేది. చెప్పుల సైజులాగే. ఆరు బోర్డులు ఒకే సైజు, ఒకే అంచు అని ఆర్డరు పెట్టడమంటే ముప్ఫై మంది పిల్లలకు ఎనిమిదో నంబరు చెప్పులు కొన్నట్టు.

పైగా గోపాల్పూర్ కెరటం మీకు తెలియనిది కాదు. ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా కూలుతుంది. వానాకాలం ముందునుంచీ నైరుతి గాలి పట్టాక ఇంకా కసిగా కూలుతుంది. అలాంటిచోట పిల్ల పడటం ఒక ఎత్తు, పడ్డాక బోర్డు వచ్చి పిల్లకు తగలడం ఇంకో ఎత్తు. పదునైన గట్టి అంచు, అడుగున గట్టి రెక్కలు ఉన్న బోర్డు మొహానికి తగిలితే కుట్లే. నేర్పేచోట్ల వాడే బోర్డులు పైన మెత్తటి ఫోముతో, లావుపాటి గుండ్రటి అంచుతో ఉంటాయి. చూడ్డానికి పరుపుల్లా ఉంటాయి, ఫొటోల్లో బాగోవు. అందుకే మన కంటికి ఆనలేదు.

ఇక తెప్ప సంగతికి వస్తాం. అసలు మేము రాయాలనుకున్నది ఇదే.

మన తీరంలో తెప్ప చెక్కే పద్ధతి ఆషామాషీది కాదు. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, అంటే 1936 ఏప్రిల్ 1కి ముందు, మద్రాసు మత్స్యశాఖలో జేమ్స్ హార్నెల్ అనే అధికారి ఉండేవాడు. భారతదేశపు పడవల తీరుల మీద ఆయన 1920లో ఒక పెద్ద అధ్యయనం అచ్చువేశాడు. అందులో గంజాం, విశాఖపట్నం వైపు తెప్పను మద్రాసు వైపు కట్టుమరం నుంచి వేరుచేసి చెప్పాడు. అక్కడివి దుంగలను పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టేవి. మనవి దుంగలను చెక్కి, మేకులతో బిగించి, పక్కలకు పలక లేపి, పడవ ఆకారం తెచ్చినవి. రెండు భాగాలుగా ఉంటాయి. సముద్రంలోకి దించేటప్పుడు రెంటినీ కట్టడం, వచ్చాక విప్పి ఒడ్డున ఎండబెట్టడం. కర్ర నీళ్ళు తాగితే బరువెక్కుతుంది, తేలడం తగ్గుతుంది, అందుకని.

ఈ తెప్పలో నీళ్ళు నిలవవు. పైకొచ్చిన నీళ్ళు దుంగల సందుల్లోంచి కిందికి పోతాయి. కాబట్టి మునుగుతుందనే భయం లేదు. భయమల్లా కెరటం మీద ఒడ్డుకు వచ్చేటప్పుడే. వెనకనుంచి కెరటం ఎత్తినప్పుడు తెప్ప అడ్డం తిరిగిందా, కింది పక్క అంచు నీళ్ళలో గుచ్చుకుని తిరగబడుతుంది. సర్ఫింగ్ బోర్డుమీద కొత్తవాడు పడే పద్ధతీ అచ్చం ఇదే. దానికి తెప్ప చెక్కేవాళ్ళు చేసిన పని ఏమిటంటే, బయటి దుంగల అడుగుపక్కను బాడిసతో గుండ్రంగా తీసేవాళ్ళు. అప్పుడు తెప్ప అడ్డం తిరిగినా, గుచ్చుకోకుండా పక్కకు జారుతుంది. ఆ జారే రెండు క్షణాల్లో వెనకవాడు తెడ్డుతో సరిచేసుకుంటాడు. తాత మాటల్లో చెప్పాలంటే: "గుచ్చుకుంటే నువ్వు పోతావ్. జారితే తెప్ప వస్తాది, నువ్వూ వస్తావ్."

ఎంత గుండ్రం, ఎక్కడనుంచి ఎక్కడిదాకా అని అడిగితే అరచేయి వంచి చూపించాడు. ముందు ఇంత, నడుమ ఇంత, వెనక్కి వచ్చేసరికి ఇంత. కొలతబద్ద లేదు, కాగితం లేదు. చెయ్యే కొలత. ఆ చెయ్యి వణుకుతోంది ఇప్పుడు.

కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాం. ఆ అరచేతి వంపును ఎవరైనా కాగితం మీదికి ఎక్కించారా? పాటలు పాడించాం, పద్యాల పోటీలు పెట్టాం, ఉగాదికి పంచాంగం చదివించాం. బరంపురం నుంచి గోపాల్పూర్‌కు పదహారు కిలోమీటర్లు. ఆ పదహారు కిలోమీటర్లు మన సంఘానికి ఎందుకో దూరమైపోయాయి. ఒడియా వాళ్ళు వాళ్ళను నోళియాలంటారు. మనం ఏమంటున్నాం? సభలో జనం లెక్క చెప్పాల్సినప్పుడు "గంజాం తీరంలో మన తెలుగువాళ్ళు వేలమంది" అంటాం. సభ్యత్వ పుస్తకం తిరగేస్తే ఒడ్డువాళ్ళ పేర్లు ఒక చేతి వేళ్ళు దాటవు. మేమూ ఆ తప్పులో ఉన్నవాళ్ళమే. ఇన్నేళ్ళలో ఆ తాతను మేము మొదటిసారి కలిసింది బోర్డు ఫొటో చూపించడానికి.

రంగూన్ కథలు మన ఇళ్ళలో చాలామందికి ఉన్నాయి. గోపాల్పూర్‌కు వచ్చే స్టీమర్లు ఒడ్డుకు చేరలేవు, లోతులో లంగరేసేవి. మన ముత్తాతలను, వాళ్ళ పెట్టెలను కెరటాలు దాటించి ఓడ ఎక్కించింది ఈ ఒడ్డువాళ్ళే, కొబ్బరితాడుతో పలకకు పలక కుట్టిన పడవల మీద. కెరటం కొడితే ఆ పడవ పగలకుండా ఒంగేది. రంగూన్ డబ్బు కథ చెప్పుకున్నంతగా ఆ దాటింపు కథ మనం చెప్పుకోలేదు.

తెప్పను నెత్తిన పెట్టుకుని ఊరేగుదామని మేము అనడం లేదు. తెప్ప మీద వేట చేసినవాళ్ళను అడగండి, అదేమంత సుఖమైన బతుకు కాదు. ఒళ్ళంతా తడి, ఇసుకలో మొయ్యలేని బరువు, దూరం పోలేరు. ఫైబరు బోటు, ఇంజనూ వస్తే సంతోషంగా మారారు. మారడంలో తప్పు లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఒడ్డున ఉన్న సామాను ఏమైందో మీకు తెలుసు. పోయినవాటి స్థానంలో పాతరకానివే మళ్ళీ ఎవరు చెక్కించుకుంటారు? అయితే ఫైబరు బోటు అచ్చులోంచి వస్తుంది. అచ్చు ఒకటే, బోట్లు వందలు. అంచు కాస్త మందం చెయ్యమంటే చెయ్యలేరు. అంచు గురించి ఆలోచించే పని ఒడ్డునుంచి అచ్చు చేసేవాడి దగ్గరికి వెళ్ళిపోయింది. పోయిన పని అది.

పూర్తిగా పోలేదు లెండి. ఈ తీరాల్లో థర్మోకోల్ దిమ్మలతో చిన్న తెప్పలు కట్టుకుని దగ్గర్లో వేటకు పోయేవాళ్ళను చూసే ఉంటారు. గింజలు గింజలుగా రాలి ఒడ్డంతా పాడవుతుందని మనం విసుక్కుంటాం, అదీ నిజమే. కానీ ఒక సంగతి గమనించండి. చాలా సర్ఫింగ్ బోర్డుల లోపల ఉండేదీ అదే థర్మోకోల్. దాన్ని చెక్కి, పైన ఫైబర్ గ్లాసు గుడ్డ పరిచి, రెజిన్ పూస్తారు. అంతే. అంటే చెక్కే చెయ్యి మన ఒడ్డున ఉంది, చెక్కే సరుకు మన ఒడ్డున ఉంది, పైపూత పని ఫైబరు బోట్లు బాగుచేసే కుర్రాళ్ళకు వచ్చు. మనం మాత్రం పార్శిల్ కోసం ఎదురుచూస్తున్నాం.

గ్రూపులో ఒక అన్నగారు రాశారు, "ఇప్పుడంతా కంప్యూటర్ డిజైన్, తాతల బాడిస ఎందుకు" అని. న్యాయమైన ప్రశ్నే. యంత్రం చాలా బాగా కోస్తుంది, ఒప్పుకుంటాం. కానీ యంత్రానికి ఏ వంపు కొయ్యాలో ఎవరో ఒకరు చెప్పాలి. కాలిఫోర్నియాలోనో ఆస్ట్రేలియాలోనో కెరటం చూసినవాడు చెప్పిన వంపు అది. అక్కడ చాలాచోట్ల కెరటం పొడుగ్గా, పక్కకు విరుగుతూ పోతుంది. మన దగ్గర ఒక్కపెట్టున కూలుతుంది. ఆ అంచే ఇక్కడా పనికొస్తుందని ఎవరు చూశారు?

బయటి ప్రపంచం కూడా ఈ పాఠాన్ని తిరిగి నేర్చుకుంటూనే ఉంది. హవాయిలో పాతకాలం నాడు అలాయా అనే పలచని చెక్కబోర్డులు ఉండేవి, వాటికి అడుగున రెక్క లేదు. రెక్క వచ్చింది 1935లో, టామ్ బ్లేక్ పెట్టాక. అంతకుముందు కెరటాన్ని పట్టుకునే పని చాలావరకు అంచుదే. ఇప్పుడు మళ్ళీ అలాయాలు చెక్కుకుని ఆ అంచు మర్మం నేర్చుకుంటున్నారు. పెరూ దేశంలో హువాంచాకో అనే ఊళ్ళో జాలర్లు తుంగలాంటి గడ్డి కట్టలతో చేసిన సన్నటి తెప్ప మీద వేటకు పోయి, కెరటం మీద స్వారీ చేస్తూ ఒడ్డుకొస్తారు. ఆ ఒడ్డునే సర్ఫింగూ నడుస్తోంది. ఆ గడ్డి తెప్పను చూడటానికే జనం వస్తారు. సర్ఫింగ్ మన గంజాంలో పుట్టిందని మేము అనబోము, అలాంటి గొప్పలు మనకొద్దు. మన తెప్పవాడికీ ఆ తెప్పవాడికీ ఎదురైన చిక్కు ఒకటే, అంతవరకే మా మాట.

మరీ దూరం ఎందుకు. చెన్నై దగ్గర కోవళంలో మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు తను నేర్చుకుని, ఊరి పిల్లలకు నేర్పి, సర్ఫింగ్ బడి నిలబెట్టాడు. మహాబలిపురం, కోవళం మత్స్యకార కుటుంబాల పిల్లలు దేశంలో పోటీలు గెలుస్తున్నారు. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు మహాబలిపురంలోనే జరిగాయి, రమేశ్ బుదిహాల్ కంచు పతకం తెచ్చాడు. మన ఒడిశాలో పూరీ వైపు సర్ఫింగ్ పండుగ మొదలై చాలా ఏళ్ళయింది. గోపాల్పూర్‌లో మాత్రం, పర్యాటకులు మునిగితే లాగడానికి ఒడ్డు కుర్రాళ్ళు కావాలి, సర్ఫింగ్ అంటే బయటినుంచి కోచ్ రావాలి. ఇది మాకు మింగుడుపడటం లేదు. కెరటాన్ని చదవడం వచ్చిన పిల్లలు చెన్నైకో కేరళకో బోట్ల మీద కూలికి పోతున్నారు.

అందుకని మేము అడిగేది ఇది. ఆరు బదులు మూడే కొందాం, మెత్తటివి, లావు గుండ్రటి అంచువి, వేరువేరు సైజులు. పెద్దది ఒకటి, పిల్లల బరువుకు సరిపోయేవి రెండు. మిగిలిన డబ్బుతో ఒడ్డు కుర్రాళ్ళు ఇద్దరిని కోవళం పంపి నేర్పించే శిక్షణ ఇప్పిద్దాం. వాళ్ళే మన శిబిరం నడుపుతారు, ఊరికే కాదు, జీతం ఇచ్చి. మన కాలనీ పిల్లలూ ఒడ్డు పిల్లలూ ఒకే వరుసలో నేర్చుకుంటారు. దీనికి అభ్యంతరం ఉన్నవాళ్ళు మాకు విడిగా కాకుండా గ్రూపులోనే చెప్పండి, అందరం వింటాం.

రెండో పని ఇంకా తొందరది. ఆ తాత ఇంటి వెనక ఒక పాత తెప్ప సగం ఉంది. రెండు భాగాల్లో ఒకటి. రెండోది ఏమైందని అడిగితే "పొయ్యిలోకి" అన్నాడు మామూలుగా. మిగిలినదాన్ని కూడా ఈ వానలకు ముందు కొట్టేస్తారట. దాన్ని కొని సంఘం హాల్లో పెడదామని మాలో ఒకరు అన్నారు. పెట్టొచ్చు, కానీ దుమ్ముపట్టే వస్తువు ఇంకొకటి అవుతుంది. అంతకంటే ముందు చెయ్యాల్సింది దాని అంచు వంపును అట్టల మీద దించుకోవడం. ముందునుంచి వెనక్కి అడుగుకొక అట్ట. అట్టను అంచుకు ఆనించి గీత గీసి కత్తిరిస్తే వంపు దిగుతుంది. ప్రతి అట్ట మీద తాత ఆ భాగాన్ని ఏమని పిలుస్తాడో తెలుగులో రాయాలి. తాత మనవడు ఒడియా బడిలో చదువుతున్నాడు, ఆ మాటల్లో సగం అతనికీ తెలియవు. ఆ అట్టలు చేతిలో ఉంటే, రేపు థర్మోకోల్ దిమ్మ మీద అదే వంపు పెట్టి ఒక బోర్డు చెక్కించి చూడొచ్చు. పనిచెయ్యకపోవచ్చు. తెప్ప మీద కూర్చుంటారు, మోకాళ్ళ మీద ఉంటారు. బోర్డు మీద నిలబడతారు. బరువు పడే తీరు వేరు. అయినా మూడు వేల రూపాయల సరుకుతో తేలిపోయే సంగతిని ఊహించుకుంటూ కూర్చోవడం దేనికి?

తాతను ముందే అడిగాం. "అట్టలెందుకు, నేనున్నాను కదా" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "ఆదివారం రండి, వేట లేదు" అన్నాడు.

కాబట్టి వచ్చే ఆదివారం వెళ్తున్నాం. పాత బస్టాండు దగ్గర ఉదయం అయిదున్నరకు కలుద్దాం. అట్టలు, పెన్సిళ్ళు, కత్తెరలు మేము తెస్తాం. కార్టన్ డబ్బాలు ఉన్న షాపువాళ్ళు నాలుగు పెద్దవి పక్కన పెట్టి ఉంచండి, తడవనివి. పిల్లలను తీసుకురండి, ఫోనులో రికార్డు చెయ్యడానికి వాళ్ళే నయం. ఏడు దాటితే ఇసుక మీద నిలబడలేం.